వీధికి అవతలి కరెంటు

రివేరా, 3 జూన్ 1988

అక్కా,

ఉత్తరం చూడగానే వీడికి ఏదో పని పడింది అనుకుంటావు. నిజంగానే పడింది. ముందే ఒప్పుకుంటే నీకు తిట్టడానికి ఒక కారణం తగ్గుతుంది.

ఏప్రిల్ వానలకు క్లబ్బు గిడ్డంగిలోకి నీళ్ళొచ్చి నా గిటారు యాంప్లిఫయర్ మునిగిపోయింది. లోపలి గాజు వాల్వులు బతికాయి. స్పీకరు దార్దో బేకరీ పొయ్యి దగ్గర ఎండి, మళ్ళీ మాట్లాడుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం తుప్పుముద్ద అయింది. ఇనుప పెట్టె కొత్తది నేనే వంచి, తూట్లు పెట్టి, మొత్తం మళ్ళీ కడుతున్నాను.

తొందరెందుకంటే, సెప్టెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు వార్షికోత్సవం, డాన్సు. మన బృందానికి పెద్ద దార్దోయే అని నీకు తెలుసు. కస్టమ్స్ ఆఫీసులో నేరీ అనే గుమాస్తా ఉన్నాడు. జపాన్ కీబోర్డు కొన్నాడు. అందులో మీట నొక్కితే గిటారు, ఇంకో మీట నొక్కితే వయొలిన్. దార్దో నా మొహం చూడకుండా పిండి పిసుకుతూ చెప్పాడు, "ఎల్బియో, ఆ రోజుకి నీ డబ్బా పలికిందా, చోటు నీది. పలకలేదా, నేరీని కూచోబెడతా. నన్ను తిట్టుకోవద్దు." పంతొమ్మిదేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చున్నాను అక్కా. కుట్టుమిషన్లు బాగుచేస్తే కడుపు నిండుతుంది. ఆ కుర్చీ లేకపోతే నేనంటూ ఏమీ ఉండను.

నా బల్ల మీద ఇప్పుడు రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయి. ఒకటి పాత రేడియోది, రెండోది పెద్ద టెలివిజన్‌ది. మూడోది వీధికి అవతల, బ్రెజిల్ వైపు లివ్రమెంటోలో, వాల్మోర్ కొట్లో ఉంది, కొత్తది. ఇరవై ఎనిమిదేళ్ళు రేడియో ఫ్యాక్టరీలో ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టినదానివి, ఏది తీసుకోవాలో చెప్పు. నా డబ్బాలో ఇ.ఎల్.84 అనే పెద్ద వాల్వులు రెండు, చిన్నవి రెండు, కరెంటును సరిచేసేది ఒకటి.

ఉత్తరాలు దార్దో బేకరీకే రాయి. మా వీధిలో కొత్త కుక్క వచ్చింది, పోస్టుమాన్ లోపలికి అడుగు పెట్టడం లేదు. మిర్తా నిన్ను అడిగానని చెప్పమంది.

నీ తమ్ముడు
ఎల్బియో


మోంటెవిడియో, 12 జూన్ 1988

ఎల్బియో,

మూడు ట్రాన్స్‌ఫార్మర్ల గురించి రాశావు, ఒక్కదాని బరువు రాయలేదు. పిల్ల పుట్టిందని రాసి ఆడో మగో చెప్పనట్టుంది నీ ఉత్తరం.

ముందు లెక్క. వాల్వు పాడాలంటే ముందు కడుపులో తీగ వెలగాలి. నీ రెండు పెద్ద వాల్వులు కలిపి ఆంపియరున్నర తింటాయి. చిన్నవి రెండూ కలిసి ఆంపియరులో పదింట ఆరు వంతులు. సరిచేసే వాల్వు ఒక్కటే ఒక ఆంపియరు. మొత్తం మూడు దాటింది. రేడియో ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క పెద్ద వాల్వున్న ఇంటికి చేసినది. నీ సంసారాన్ని మోయలేదు. ఒక గంట మోస్తుంది, తర్వాత దాని తీగ మీది లక్క కాలే వాసన నీకే తెలుస్తుంది. టెలివిజన్‌ది ఎద్దులా బలంగా ఉంటుంది గానీ, అది ఇచ్చే వోల్టేజీ నీ వాల్వులకు ఎక్కువ. నెలకో జత మారుస్తూ కూర్చుంటావు. కాబట్టి ఆ రెండూ వదిలెయ్.

కొట్లోది పనికొస్తుందేమో నాకు తెలియదు. చూడకుండా చెప్పను. తెచ్చి, తూకం వేసి, వాల్వులన్నీ వెలిగించి, గిటారు వాయిస్తూ ఆరు గంటలు నడుపు. తర్వాత దాని మీద అరచెయ్యి ఆనించి లెక్కపెట్టు. ఇరవై దాకా చెయ్యి తియ్యకుండా ఉండగలిగితే అది నీకు పనికొస్తుంది. అయిదుకే తీసేశావంటే వాల్మోర్‌కి తిరిగిచ్చెయ్. ఫ్యాక్టరీలో మీటర్లు చెడిపోయిన రోజుల్లో కూడా మేము ఇలాగే పాస్ చేశాం.

నన్నే చుట్టమని అడగబోతావేమో. నాకు తీరిక లేదు, తీగా లేదు. అడగకు.

మిర్తా మోకాలు ఎలా ఉంది? చేత్తో రెండు ముక్కలు రాస్తే ఆమె సొమ్మేం పోతుంది? పదకొండేళ్ళు నా పక్క బెంచీ మీద తీగ చుట్టిన మనిషి. మీ పెళ్ళి కుదిర్చింది నేను కాబట్టి నా మీద కోపమా?

నెల్బా


రివేరా, 24 జూన్ 1988

అక్కా,

"అడగకు" అని రాశావు. నేనెక్కడ అడిగాను? అడగకముందే తలుపు వేసుకునే మనిషివి నువ్వొక్కదానివే. పోనీలే.

వాల్మోర్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చాను. దార్దో రొట్టెల తక్కెడలో తూస్తే కిలో ఆరువందల గ్రాములు. వోల్టేజీలు నువ్వు చెప్పిన లెక్కకు సరిపోయాయి. మూడున్నర ఆంపియర్లు ఇస్తుందట. రాగి తీగ చక్కగా, వరుస తప్పకుండా చుట్టి ఉంది. నువ్వు చూసినా వంక పెట్టలేవు.

ఆదివారం పొద్దున్నుంచి వంటింటి బల్ల మీద ఆరు గంటలు నడిపాను. బయట వాన, లోపల నూనెలో రొట్టెలు వేగుతున్నాయి, నేను వాయిస్తూనే ఉన్నాను. తర్వాత చెయ్యి పెట్టాను. ఇరవై రెండు దాకా లెక్కపెట్టాను. నా చెయ్యి మొద్దుబారిందేమోనని మిర్తాని కూడా పెట్టమన్నాను. ఆమె ముప్పై దాకా వెళ్ళి, "దీని మీద పెరుగు తోడేసుకోవచ్చు, అంతకుమించి ఏం లేదు" అంది.

మోకాలు బాగానే ఉంది. రాయడానికి బద్ధకం, నీకు తెలిసిందే.

ఆమెకు నీ మీద కోపం లేదని చెప్పలేను గానీ, ఉందని కూడా అనను.

ఎల్బియో


మోంటెవిడియో, 5 జూలై 1988

ఎల్బియో,

కిలో ఆరువందలు అని చదివి కొంచెం ఆలోచించాను. ఈ పనికి నేనైతే ఇంకో అరకిలో ఇనుము వేసేదాన్ని. కానీ ఆరు గంటల తర్వాత చెయ్యి ముప్పై దాకా నిలిచిందంటే ఇక మాట్లాడేదేముంది. కాగితం మీద లెక్క తప్పొచ్చు, అరచెయ్యి తప్పదు. బిగించుకో.

ఫ్యూజు ఒక ఆంపియరుది వెయ్యి. పోయిందని ముతక తీగ చుట్టావంటే నా దగ్గరికి ఉత్తరం రాయకు.

మిర్తాకి ఉన్ని శాలువా పంపుతున్నాను, చలికాలం మోకాలికి. అల్లింది నేను కాదు, పక్కింటి గ్లాడిస్. రంగు కూడా ఆమే ఎంచింది, నన్ను అనొద్దు.

నెల్బా


రివేరా, 17 జూలై 1988

అక్కా,

పలికింది! మొన్న దార్దో తన అకార్డియన్ మోసుకుని ఇంటికి వచ్చాడు. రెండు గంటలు వాయించాం. గొంతు ఎలా ఉందంటే, మెల్లగా మీటితే మెత్తగా, గట్టిగా మీటితే కొంచెం బొంగురుగా, సిగరెట్లు మానేసిన ముసలి గాయకుడిలా. దార్దో ఒక మాతె టీ తాగాడు, ఇంకోటి పోసుకున్నాడు. చివరికి, "నేరీకి నేనే చెప్తాలే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. వాడి ముందు ఏడవలేదు, తర్వాత ఏడ్చాను.

శాలువా అందింది. మిర్తాకి నచ్చింది.

నీ అక్షరాలేమిటి, కొట్టు బోర్డంత రాస్తున్నావు? పేజీకి ఆరు లైన్లు. కాగితాలు ఊరికే వస్తున్నాయా మీ ఊళ్ళో?

ఇంకో మాట. మా పెళ్ళికి నువ్విచ్చిన గోడ గడియారం ఉంది చూడు, ప్లగ్గులో పెట్టేది. ఈ మధ్యే మళ్ళీ గోడకు తగిలించాను, దానికి పిచ్చెక్కింది. గంటకు పన్నెండు నిమిషాలు ముందుకు పరిగెడుతోంది. విప్పి తుడిచి నూనె వేశాను, అయినా పన్నెండు నిమిషాలే, ఎక్కువా కాదు తక్కువా కాదు. కుట్టుమిషన్ల డాక్టరుకి గడియారం ముందు పరువు పోయింది. మందు తెలిస్తే రాయి.

ఎల్బియో


మోంటెవిడియో, 27 జూలై 1988

ఎల్బియో,

గడియారానికి ఏ జబ్బూ లేదు.

ఆ గడియారం లోపల స్ప్రింగు లేదు. కరెంటు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగితే అన్ని అడుగులు వేస్తుంది. ఉరుగ్వేలో కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతుంది. బ్రెజిల్లో అరవైసార్లు. యాభైకి చేసిన గడియారాన్ని అరవై మీద పెడితే సరిగ్గా గంటకు పన్నెండు నిమిషాలు ముందుకు పోతుంది. నూనె వేస్తే ఆగదు. నువ్వు వీధి దాటి లివ్రమెంటోలో ఉంటున్నావు.

శాలువా పంపి మూడు వారాలు. మిర్తా నాకు థాంక్స్ రాయలేదు. చిటికెడు ఉప్పు ఇచ్చినా థాంక్స్ రాసే మనిషి ఆమె. నిన్న సాల్తోలో ఆమె చెల్లెలి ఇంటికి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తింది మిర్తాయే. పదిహేను నెలల నుంచి అక్కడే ఉందట. "నీ కోపానికి భయపడి రాయలేదు నెల్బా" అంది. మీ ఇద్దరికీ నేనంటే భయం తప్ప ఇంకేమీ లేదా? నాకు చాలా బాధ వేసింది. మీరు విడిపోయినందుకు కాదు. ముప్పై దాకా లెక్కపెట్టిన ఆ చెయ్యి ఎవరిది ఎల్బియో? నేను ఆ చేతిని నమ్మి బిగించుకోమన్నాను.

ఇప్పుడు శ్రద్ధగా చదువు. నువ్వు పరీక్ష చేసింది అవతలి కరెంటు మీద. క్లబ్బూ బేకరీ ఇవతల, రివేరాలో ఉన్నాయి. కరెంటు నెమ్మదిగా ఊగేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇనుము ఎక్కువ కావాలి. వాల్మోర్ సరుకు అరవైకి కొలిచి, ఒక్క రేకు ఎక్కువ లేకుండా చేసినది. అందుకే తేలిక. యాభై మీద అది గుయ్యిమంటుంది, కాలుతుంది, చివరికి పొగ వస్తుంది. దాన్ని డాన్సుకు తీసుకెళ్ళకు. నమ్మకం లేకపోతే బేకరీలో ఒక్క పూట పెట్టి చూడు.

నెల్బా


లివ్రమెంటో, 8 ఆగస్టు 1988

అక్కా,

అవును, లివ్రమెంటోలోనే ఉంటున్నాను. పైన నిజం ఊరే రాశాను, చూసుకో. ఆమె పేరు జుసారా. బడిలో వంట చేస్తుంది. మిర్తా నన్ను పొమ్మంది, పోయాను. జుసారా రమ్మంది, వచ్చాను. ఇందులో ఎవరికీ అన్యాయం జరగలేదు. నీకు చెప్పనిది ఎందుకంటే, ఇదిగో, ఇలా గడియారం పట్టుకుని నా వంటింట్లోకి దూరతావని.

ఆ శాలువా జుసారా కప్పుకోలేదు. "వేరే మనిషి కోసం వచ్చింది నేను కప్పుకోను. మీ అక్కకి నిజం చెప్పు, లేదా తిరిగి పంపు" అంది. ఆమెకీ నీకూ బాగానే కుదిరేలా ఉంది, ఇద్దరూ నన్నే కోప్పడతారు.

కరెంటు సంగతి వాల్మోర్‌ని అడిగాను. అటైనా ఇటైనా రెండొందల ఇరవై వోల్టులే, ఇరవై ఏళ్ళుగా రెండు పక్కలా అమ్ముతున్నాను అన్నాడు. నీకు మిర్తా విషయంలో కోపం. ఆ కోపం ట్రాన్స్‌ఫార్మర్ మీదికి తిప్పుతున్నావు. జూన్‌లో చుట్టి పంపమని అడగకముందే తీరిక లేదన్నావు. రిటైరై నాలుగేళ్ళయింది, నీకు తీరిక లేకపోవడమేమిటి? నేను బాగుపడటం నీకు ఇష్టం లేదని అప్పుడే అర్థమయింది. బేకరీలో పెట్టి చూడను. డాన్సుకు దాన్నే తీసుకెళ్తాను.

ఇక నాకు సలహాలు రాయకు.

ఎల్బియో


మోంటెవిడియో, 2 సెప్టెంబరు 1988

ఎల్బియో,

ఈ ఉత్తరం నేను చెబుతుంటే గ్లాడిస్ రాస్తోంది. అందుకే అక్షరాలు చిన్నగా ఉన్నాయి.

నాకు రెండు కళ్ళలో శుక్లాలు. మార్చి నుంచి సరిగా కనిపించడం లేదు. ఆసుపత్రిలో ఆపరేషన్‌కి నా వంతు నవంబరులో వస్తుంది. తీరిక లేదని రాసింది అబద్ధం. వెంట్రుకంత తీగను చూడలేని మనిషి ట్రాన్స్‌ఫార్మర్ ఎలా చుడుతుంది? ఆ మాట రాయడానికి సిగ్గేసింది. ఫ్యాక్టరీలో నేను చుట్టినది ఒక్కటి కూడా తప్పుందని తిరిగి వచ్చిన రోజు లేదు. నీకైనా అలాగే గుర్తుండాలనుకున్నాను. నువ్వు బాగుపడటం నాకు ఇష్టం లేదని రాశావు. గ్లాడిస్ ఆ లైను దగ్గర ఆగిపోయింది. చదవమన్నాను.

మరుసటి రోజే మంచం కింద నుంచి చుట్టే మిషను తీయించాను. ముతక తీగ నేనే చుట్టాను, దానికి వేళ్ళు చాలు. సన్న తీగ మొదటిసారి పదకొండు వందల చుట్ల దగ్గర తెగింది. రెండోసారి ఇంకా ముందే తెగింది. మూడోసారి గ్లాడిస్ తీగ వైపు చూస్తూ కూర్చుంది, నేను పిడి తిప్పాను. ఆమె ఒక్క నిమిషం నోరు మూయదు, వాళ్ళ అల్లుడి కథ మొత్తం ఆ కాయిల్లో చుట్టుకుపోయింది. అందుకే మూడు వారాలు పట్టింది. లక్క ఇంకా ఆరలేదు. ఆదివారానికి అందించలేకపోతున్నాను, సోమవారం బస్సుకు వేస్తాను. ఈ ఉత్తరం కూడా ఆదివారం లోపల నీకు చేరదని తెలుసు. ఇవాళ బేకరీకి రెండుసార్లు ఫోన్ చేయించాను, ఎవరూ ఎత్తలేదు.

బరువు రెండు కిలోల రెండువందలు. వీధికి అటైనా ఇటైనా నడుస్తుంది.

పార్సిలు నీ పేరున పంపడం లేదు, సలహాలు రాయొద్దన్నావుగా. జుసారా పేరు రాస్తున్నాను. ఇంటి పేరు తెలియదు కాబట్టి "బేకరీ దార్దో ద్వారా, ఎల్బియోతో ఉండే జుసారాకు" అని రాయించాను. లోపల గ్లాడిస్ మళ్ళీ అల్లిన శాలువా ఉంది. ఈసారిది మా మరదలికే, వేరే మనిషి కోసం కాదని చెప్పు.

నెల్బా


లివ్రమెంటో, 14 సెప్టెంబరు 1988

అక్కా,

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆదివారం క్లబ్బు నిండిపోయింది. మొదటి పాటకే కింద గుయ్యిమని శబ్దం మొదలైంది. జనం గోలలో ఎవరికీ వినపడలేదు, నాకు వినపడింది. మూడో పాటకి ఫ్యూజు పోయింది. రాగి తీగ చుట్టాను. చుట్టొద్దని నువ్వు రాసిన మాట చుడుతుండగానే గుర్తొచ్చింది, అయినా చుట్టాను. ఆరో పాటలో పొగ వచ్చింది. నడి హాల్లో డాన్సు చేస్తున్న జంటలు ఆగి నా వైపు చూశాయి. నేను ప్లగ్గు పీకేశాను. నేరీ తన కీబోర్డు తెచ్చి పెట్టుకున్నాడు, కొంచెం కూడా ఎగతాళి చేయలేదు, అదే ఎక్కువ నొప్పించింది. దార్దో నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంటికెళ్ళు ఎల్బియో" అన్నాడు. నా చోటు పోయింది. మాట అంటే మాటే. దార్దోది తప్పు లేదు.

ఇందులో వాల్మోర్‌ది కూడా తప్పు లేదు, నీది అసలే లేదు. నేను ఏ వీధిలో ఉంటున్నానో మొదటి ఉత్తరంలోనే రాసి ఉంటే, ఆ తేలిక ట్రాన్స్‌ఫార్మర్‌ని నువ్వు జూన్‌లోనే వద్దనేదానివి. నీ మీద అన్న మాటలకు నాకు సిగ్గుగా ఉంది. ఆ లైను నీకు చదివి వినిపించాల్సి వచ్చిందంటే గ్లాడిస్ మొహం ఇక ఎలా చూడాలో తెలియడం లేదు.

నీ ఉత్తరం మంగళవారం, పార్సిలు బుధవారం అందాయి. ఫోన్ సంగతి దార్దోని అడిగాను. ఆ రోజు పొద్దున్నుంచీ క్లబ్బులో బల్లలు వేయిస్తున్నాడట, బేకరీలో ఎవరూ లేరు. జుసారా పార్సిలు తనే విప్పింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. శాలువా అక్కడే కప్పుకుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. "కళ్ళు కనపడకుండా ఇది చేసిందా? మరి నువ్వు ఇక్కడేం చేస్తున్నావు?" అని అడిగింది.

ట్రాన్స్‌ఫార్మర్ బిగించాను. ఇక్కడ ఒక రోజు, బేకరీలో ఒక రోజు నడిపాను. రెండు చోట్లా చడీచప్పుడు లేదు. దార్దో విని తల దించుకున్నాడు.

ఇప్పుడు నాకు ఆదివారాలన్నీ ఖాళీ. కుట్టుమిషన్లు నవంబరు దాకా ఆగుతాయి, ఆగని వాళ్ళు వేరేచోట బాగుచేయించుకుంటారు. నీ ఆపరేషన్ అయ్యి, కట్టు విప్పేదాకా నేను నీ దగ్గరే ఉంటాను. వంట నాకు రాదు. అందుకని జుసారా బడికి పది రోజులు సెలవు పెట్టింది, నాకు నేర్పి వెనక్కి వస్తుందట. ఆసుపత్రిలో క్యూ ఉంటే నేను నిలబడతాను, నువ్వు కూర్చో.

వద్దని రాయాలనిపిస్తే రాసుకో. ఈ ఉత్తరం నీకు చేరడానికే నాలుగు రోజులు పడుతుంది, మా బస్సు రేపు పొద్దున్నే.

నీ తమ్ముడు
ఎల్బియో